కోష్ఠము, కంపము: కృష్ణా మెట్టసీమ రోగచరిత్రలో ఒక ప్రకరణము

బెజవాడనుండి ఇబ్రహీంపట్టణము మీదుగా మైలవరము, తిరువూరు పోవు బాటమీద, కొండపల్లి యడవికి దాపున, బుడమేటి పరీవాహములో నున్న యూరు జి.కొండూరు. గడ్డమణుగు కొండూరన్నది దాని నిండుపేరు. దానికి పడమట నందిగామ, జగ్గయ్యపేట సీమలు మునగాల పరగణా దాక వ్యాపించియుండెడివి. ఈ భూభాగమంతయు ఒకే జిల్లాకు చెందినదై, ఒకే నదిపేర బరగుచున్నను, ఆ నది నీటికి మాత్రము చిరకాలము దూరమై యుండెను. డొక్కల కరువు మిగిల్చిన భీతినుండి పుట్టిన యాలోచన ఫలించి, 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట, ఆనకట్టకు దిగువనున్న నేల వరిమయమయ్యెను. ఎగువనున్న మెట్ట మాత్రము చెరువును, వానను నమ్ముకొని, జొన్న, సజ్జ, కంది, పెసర, ఆముదము పండించుచు మరి నూరేండ్లు గడపెను. ఆ విధముగా ఒకే జిల్లాలో రెండు పంటలు, రెండు వంటలు, ఒక విధముగా జెప్పవలెనన్న రెండు కడుపులు ఏర్పడినవి.

కడుపుమాట యెత్తుటకు కారణము గలదు. చేతులు వణకుట, అడుగులు చిన్నవగుట, ముఖము చలనముదప్పి బొమ్మవలె నగుట మొదలగు లక్షణములతో వృద్ధాప్యమున గనవచ్చు రోగమును నేటి వైద్యులు పార్కిన్సన్ వ్యాధి యందురు. అది మెదడులోని రోగమని నూరేండ్లకు పైగా పాఠశాలలలో జెప్పిరి. ఇప్పుడు, గడచిన ఇరువదియేండ్ల పరిశోధనలు దాని పుట్టుక కొందరియందైనను ప్రేగులలో నున్నదేమో యను శంకను బలపరచుచున్నవి. ఆ శంక మన పల్లెటూరి వైద్యునకు క్రొత్తగా దోపదు. రోగి యే బాధతో వచ్చినను, నాడి పట్టకమునుపో, పట్టుచునో, ఆయన యడుగు మొదటి ప్రశ్న 'విరేచనము సాఫీగా నగుచున్నదా?' యన్నదే. కోష్ఠము మృదువో, మధ్యమమో, క్రూరమో తెలియనిదే మందు తూచుట ఆయనకు శాస్త్రవిరుద్ధము.

ఈ ప్రశ్న వెనుక ఇంటింటి యాచార మొకటి నిలిచియుండెడిది. నెలకో, ఋతువు మారినప్పుడో ఇంటిల్లిపాదికిని ఆముదము పట్టించుట నిన్నమొన్నటివరకు మెట్టసీమలో సామాన్యముగా జరిగిన పని. తమ చేనిలో పండిన ఆముదపు గింజలను వేయించి, దంచి, నీట నుడికించి, పైకి దేరిన చమురును తేర్చి వంటయాముదము తీయుదురు. వేకువనే, పిల్లల ముక్కులు మూసి, శొంఠి కషాయముతోనో వేడిపాలతోనో దానిని మ్రింగించి, నోట బెల్లపుముక్క పెట్టుదురు. ఆ నాడు పిల్లలకు బడి లేదు, ఆటలు లేవు, పెరటిదారి యొక్కటియే గతి. ప్రొద్దెక్కి కడుపు తేలికపడిన తరువాత మిరియాల చారుతో మెత్తని యన్నము పెట్టి, పగలు నిద్రపోరాదని కట్టడి చేయుదురు. ఆముదమును వాతహరములలో శ్రేష్ఠమని వైద్యగ్రంథములు చెప్పినమాట ఆ తల్లులలో నెందరికి దెలియునో గాని, ఆచారము మాత్రము గ్రంథముకన్న దృఢముగా నాటుకొనెను.

ఇక నిత్యాహారము. మెట్టవారి ముఖ్యధాన్యము జొన్న, పచ్చజొన్నయు, తెల్లజొన్నయు. జొన్నలను రోట బోసి, నీరు చిలికించి, పైపొట్టు వీడునంతవరకు దంచి, చెరిగి, మరల దంచి, ఎసటిలో బోసి వండిన జొన్నన్నము, పిండిని పులియబెట్టి కాచిన యంబలి, పెనముమీద చేతితో తట్టిన రొట్టె, వీనికి తోడు గోంగూర పులుసు, కందిపచ్చడి, చిలికిన మజ్జిగ. వరియన్నము పండుగనాటి సంగతి. వంటయింటి మూల నొక తరవాణికుండ యుండుట పల్లెలలో నొక గృహలక్షణము. వార్చిన గంజియు, కడుగునీళ్లును, ఉప్పును చేర్చి, దినదినము క్రొత్తగంజి పోయుచు, పాతపులుపును తీసివేయక నిలుపుకొను ఆ కుండలో సూక్ష్మజీవుల సంతతి తరతరములుగా సాగివచ్చెడిది. అత్తగారి కుండనుండి కొంత పులుపు కోడలి కుండకు ముట్టెడిది. తెల్లవారి చద్దియన్నము దానితో దిని పొలము పోయిన రైతు మధ్యాహ్నమువరకు ఆకలియనక పనిచేసెడివాడు. పూర్వుల యాహారమంతయు అమృతమని పొగడుట నా యుద్దేశము గాదు. ఎండకాలమున కూరలేక, చెరువెండిన యేట జొన్నకును కరవై, అంబలి నీళ్లపాలైన దినములు ఈ సీమలో విస్తారముగా నుండినవి. పొట్టుతోను, పీచుతోను, పులుపుతోను కూడిన ఆహారము దారిద్ర్యమువలన సిద్ధించినదే గాని, ఆరోగ్యశాస్త్రము నెఱిగి యెన్నుకొన్నది గాదు.

ఆహారమునకును నరములకును గల సంబంధము తెలుగుదేశమున మొదట శాస్త్రదృష్టికి బడినది కంపరోగమువలన గాదు, బెరిబెరివలన. ఉత్తర సర్కారులలోని సిపాయీలలోను, జైళ్లలోని ఖైదీలలోను కాళ్లు తిమ్మిరిపట్టి, పట్టుదప్పి, దేహము వాచి, గుండె యలసి మరణించు రోగమొకటి ప్రబలుచుండగా, జాన్ గ్రాంట్ మాల్కంసన్ అను మదరాసు సైనికవైద్యుడు దానిపై నొక బృహద్వ్యాసము వ్రాసి 1835లో మదరాసున బ్రకటించెను. కారణ మాతనికి జిక్కలేదు. జావాలో ఐక్‌మన్ అను డచ్చివైద్యుడు, పొట్టుదీసిన తెల్లబియ్యము మేసిన కోళ్లు నరముల పట్టుదప్పి కూలుటయు, తవుడు పెట్టగానే కోలుకొనుటయు గనిపెట్టి కారణమునకు దారి చూపుటకు మరి యఱువదియేండ్లు పట్టెను. ఆవలి దక్షిణదేశమున ఉప్పుడుబియ్యము తినువారికి లేని బాధ సర్కారుతీరమున పచ్చిబియ్యము తినువారికేల గలిగెనో అప్పుడు గాని బోధపడలేదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుటిలోని సారము గింజలోనికి దిగును; పచ్చివడ్లను మరపట్టినప్పుడు అది తవుటితోబాటు పశువుల తొట్టికి బోవును. దంపుడుబియ్యము తిన్నంతకాలము, చేతిరోకలి యెంత దంచినను గింజను పూర్తిగా నగ్నము చేయలేకపోయెను గాన, కొంత రక్షణ మిగిలియుండెను. ఆవిరి మరలు వచ్చి ఆ రక్షణను హరించెను.

కూనూరులో రాబర్ట్ మెకారిసన్ 1918 ప్రాంతమున స్థాపించిన పరిశోధనాలయము ఈ విషయమును చేపట్టెను. ఆయన ఎలుకలను గుంపులుగా విభజించి, ఒక గుంపునకు పంజాబీల గోధుమరొట్టె, పాలు, కూరలు, ఒక గుంపునకు మదరాసీల బియ్యపన్నము, ఇట్లు దేశములోని నానాజాతుల యాహారములను బెట్టి పెంచి చూచిన ప్రయోగము ప్రసిద్ధము. అందు మన దక్షిణాదివారి తిండి తిన్న యెలుకలే మిక్కిలి క్షీణించినవని చదివినప్పుడు కొంచెము మనసు కష్టపడును గాని, ఎలుకలకు పక్షపాతముండదు. ఆయన 1921లో ప్రకటించిన గ్రంథములో మరియొక విశేషమున్నది: సారహీనమగు నాహారమువలన జంతువుల ప్రేగుల గోడలే చెడునని ఆయన చూపెను. అనగా లోపాహారము నరములకు జేయు హానితోబాటు జీర్ణనాళమునకు జేయు హానియు నున్నదని ఆనాడే తెలిసెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై తార్నాక సమీపమున నున్నది.

మెట్టసీమలో జొన్న తినువారికి ఆ బెరిబెరి బాధ లేదు. కాని కంపమున్నది. దానిని మన వైద్యు లేమని గ్రహించిరి?

ఆంధ్రదేశ వైద్యులకు బసవరాజీయము కరదీపికవంటి గ్రంథము. కొట్టూరు బసవరాజు రచించిన ఈ గ్రంథము ఇరువదియైదు ప్రకరణములు గలదై, సంస్కృతాంధ్రములు రెండింటిని కలుపుకొని సాగును. వాతరోగములను జెప్పుచోట బసవరాజు కంపవాతమునకు లక్షణము చెప్పెను. అరచేతులయందును అరకాళ్లయందును వణకు, దేహము త్రిప్పుటలోను కదలికలోను బాధ, నిద్రకు భంగము, బుద్ధికి క్షీణత. ఈ నాలుగింటిలో కడపటి రెండు గమనింపదగినవి. వణకునుజూచి చెప్పుట యెవ్వరికైనను సాధ్యమే. ఆ వణకు గలవానికి రాత్రి నిద్ర చెడుననియు, కాలక్రమమున మతి సన్నగిల్లుననియు చేర్చి చెప్పుటకు రోగిని అనేక సంవత్సరములు కనిపెట్టియుండవలెను. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వ్రాసిన చిన్న గ్రంథములో బుద్ధియు ఇంద్రియములును చెడవని యున్నది. ఆ యొక్క విషయమున మన కొట్టూరువాని చూపే వాడియైనదని చెప్పక తప్పదు. ఐనను కంపవాతమను పేరుక్రింద మన వైద్యులు నానావిధములగు వణకులను గలిపి చూచి యుందురు. ముసలితనపు వణకు, కల్లుత్రాగువాని వణకు, కంఠగ్రంథి యుద్రేకమువలని వణకు, ఇవన్నియు పార్కిన్సన్ వ్యాధి గావు. కాబట్టి రెండింటిని ఒకటేయని సమీకరణము వ్రాసి చేతులు దులుపుకొనుట న్యాయము గాదు.

ఇంతకన్న ముఖ్యమైనది చికిత్సాక్రమము. వాతమునకు దేహమున అనేక స్థానములున్నను, పక్వాశయము, అనగా పెద్దప్రేగు, దానికి ప్రధానస్థానమని చరకుడు చెప్పెను. అందువలన చేయి వణకినను మందు మొదట చేతికి గాదు, కడుపునకు. స్నేహము, స్వేదము, పిదప విరేచనము, వస్తికర్మము. వస్తి చికిత్సలో సగమని వైద్యుల నానుడి. తైలమునో కషాయమునో వస్తియంత్రముతో ప్రేగునకెక్కించి, కోష్ఠము శుద్ధియైన పిమ్మటనే శమనౌషధము నిత్తురు. మదరాసు ప్రభుత్వము 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతను నియమించిన సంఘము దేశవైద్యుల సాక్ష్యములను దేశభాషలలో గూడ సేకరించి 1923లో నివేదిక సమర్పించుటయు, దాని ఫలముగా మదరాసులో దేశవైద్య పాఠశాల వెలయుటయు, బెజవాడలో నోరి రామశాస్త్రిగారి పేర నేటికిని నిలిచియున్న ఆయుర్వేద కళాశాల యేర్పడుటయు ఈ క్రమమును ఇంటివైద్యమునుండి పాఠ్యపుస్తకమునకు దెచ్చెను. ఇంగ్లీషు వైద్యము చదివి ఆయుర్వేదమువైపు మరలిన ఆచంట లక్ష్మీపతి వంటివారు రెండు శాస్త్రములను ఎదురెదురుగా నుంచి చూచుట కలవాటుపడిరి. నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో 1877లో జన్మించి, మునగాల సంస్థానమున దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, శాస్త్రవిషయములను తెలుగున వ్రాయించుట ఈ మెట్టసీమ చేసిన గొప్పదానము. మన పండితులకు లోపించినది పరిశీలన గాదు, పరిశీలించినదానిని అంకెలతో వ్రాసిపెట్టు అలవాటు. ఏ వైద్యుడు ఎందరికి వస్తినిచ్చెను, ఎందరు కోలుకొనిరి, ఎందరు లేదు, ఈ పట్టిక యే తాళపత్రమునను దొరకదు.

కంపమునకు మన వైద్యులు వాడిన మూలికలలో దూలగొండి ముఖ్యము. కపికచ్ఛువనియు, ఆత్మగుప్తయనియు సంస్కృతనామములు. కొండపల్లి యడవి యంచున, చేలకంచెలమీద, వానకాలమున మొలచి, పొదలపై నల్లుకొని, ఊదారంగు పూలగుత్తులను వ్రేలవేసి, చలికాలమునకు కాయలు ముదురును. వంకరతిరిగి, వ్రేలెడు పొడవుండు ఆ కాయపై బంగారువన్నె నూగు మఖమలువలె గప్పియుండును. చూపునకు మెత్తన, ముట్టినవానికి నరకము. ఒకని వీపుమీద మరియొకడు ఆ నూగు చల్లి పరుగెత్తుట పశువుల కాపరిపిల్లల దుష్టవినోదము. గోకినకొలది దురద వ్యాపించునేగాని తగ్గదు, పేడ పులిమి కడిగినగాని యూరట లేదు. నూగును నిప్పుసెగ చూపి పోగొట్టి, గింజలను ఆవుపాలలో నుడికించి, పొట్టు నొలిచి, ఎండబెట్టి, పొడిచేసి వైద్యులు వాడుదురు.

పార్కిన్సన్ వీథులలో రోగులను గమనించుచున్న కాలమున ఈ దూలగొండి లండన్ మందులయంగళ్లలో నుండెను. కాని గింజ గాదు, నూగు. కడుపులోని యేలికపాములను బొడిచి వెడలగొట్టుటకు ఆ నూగును పాకముతో గలిపి మ్రింగించెడివారు. విలియం చాంబర్లేన్ అను లండన్ శస్త్రవైద్యుడు 1784లో దానిపై నొక గ్రంథమే వ్రాసెను. ఔషధమైన గింజ చెత్తలో బడెను. పార్కిన్సన్ చూచిన రోగు లాఱుగురు. వారిలో సగము మందిని వీథిలో నెదురుపడినప్పుడు మాత్రమే చూచెను. ఆయన సూచించిన చికిత్స మెడయొద్ద రక్తము దీయుట, పొక్కులెక్కించుట. ఐనను ఆ చిన్న గ్రంథములో ప్రేగుల మాంద్యమును ఆయన గుర్తించెను. మలబద్ధము ముదిరి తీవ్రములైన విరేచనౌషధములు కావలసివచ్చునని వ్రాసెను. అంతియే గాదు. జీర్ణాశయము, ప్రేగులు చెడుట వెన్నుపాము పైభాగమున రుగ్మతను బుట్టించు మార్గమును తాను గుర్తింపజాలకున్నను, అట్టిది సంభవమేయని తలచుటకు సందేహింప బనిలేదని, అన్నిరోగములకును కడుపే మూలమని బోధించిన జాన్ అబర్నెతీని స్మరించి చెప్పెను. తరువాతివారు పార్కిన్సన్ పేరును రోగమునకు బెట్టి, ఆ వాక్యమును మరచిరి.

1937లో మదరాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అను నిరువురు దూలగొండి గింజలనుండి ఎల్-డోపా యను పదార్థమును వేరుచేసి ఇంగ్లండులోని పత్రికలో బ్రకటించిరి. అంతకు రెండు దశాబ్దులకు పైగా ముందు, 1913లో, గుగెన్‌హైమ్ అను స్విస్ రసాయనవేత్త ఒకజాతి చిక్కుడుగింజనుండి దానిని దీసియుండెను. కాని అది దేనికి బనికివచ్చునో ఆనాడెవరికిని దెలియదు. మదరాసువారికిని అదొక రసాయనకుతూహలమే. ఆ ప్రయోగశాలకు కొన్నివందల మైళ్ల దూరమున, అప్పుడు మదరాసు రాజధానిలో నంతర్భాగమైన కృష్ణామండలపు వైద్యుడు అదే గింజను పాలలో నుడికించి వణకుచున్న రోగికి ఇచ్చుచుండెను.

ఇచ్చట కథ ఇంకొక మన మొక్కతో ముడిపడును. సర్పగంధి వేరునుండి తీసిన రిసర్పిన్ అను మందు 1950 తరువాత రక్తపుపోటునకును, ఉన్మాదమునకును లోకమంతట వ్యాపించెను. దానిని కుందేళ్లకిచ్చిన అవి కదలిక నశించి శిలలవలె నిలిచిపోవుట స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విద్ కార్ల్‌సన్ చూచి, 1957లో వానికి డోపా నెక్కించగా అవి కొలది నిమిషములలో లేచి తిరుగసాగెను. ఒక మనదేశపు వేరు బిగించిన కట్లను ఒక మనదేశపు గింజలోనున్న పదార్థము విప్పెనన్నమాట. ఆ ప్రయోగము చేసినవారికి ఈ రెంటికిని గల దేశసంబంధము స్మరణకు వచ్చెనో లేదో. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ అను శాస్త్రజ్ఞుడు మృతరోగుల మెదళ్లలో, డోపానుండి తయారగు డోపమిన్ కొఱవడియుండుట నిరూపించెను. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ దినమునకు గ్రాములకొలది డోపాను నోటిద్వారా ఇచ్చి, మంచమునకంటుకొనిపోయినవారిని నడిపించెను. 1978లో బొంబాయి వైద్యులు దూలగొండి పొడినే రోగులకిచ్చి ఫలితమును బ్రకటించిరి. ఇన్ని మజిలీలు దిరిగి గింజ స్వదేశమునకు వచ్చెను.

2000లో నాగశయన ప్రభృతులగు పరిశోధకులు ప్రకటించిన యధ్యయనము మన ప్రస్తావనకు సరిగా సరిపడును. దూలగొండి, అశ్వగంధ మొదలగువానిని ఆవుపాలతో నిచ్చు ఆయుర్వేదచికిత్సకు పదునెనమండ్రు రోగులను దీసికొనిరి. వారిలో పదుమువ్వురకు ముందుగా కోష్ఠశోధనముచేసి పిదప మందిచ్చిరి, తక్కిన ఐదుగురకు శోధనములేక మందు మాత్రమిచ్చిరి. మొదటివారికి గణనీయమైన గుణము గానవచ్చెను, రెండవవారికి రాలేదు. ఆ మందును పరీక్షింపగా మోతాదునకు సుమారు 200 మిల్లీగ్రాముల డోపా యున్నట్లు తేలెను. పదునెనమండ్రను జూచి లోకమునకంతటికి సిద్ధాంతము చేయరాదు. అయినను అదే డోపా శుద్ధమైన ప్రేగునందొక విధముగా, అశుద్ధమైనదానియందు మరియొక విధముగా బనిచేసెనన్నది ఆలోచింపదగినది. ఆ యాలోచనకు 2019లో అనుకోని వైపునుండి బలము చేకూరెను: అమెరికాలోని పరిశోధకులు మనుష్యుల ప్రేగులలో నివసించు ఎంటరోకాకస్ ఫీకాలిస్ అను సూక్ష్మజీవి మాత్రలోని డోపాను మెదడు చేరకమునుపే విరిచి తినివేయుచున్నదని నిరూపించిరి. ఒకే మోతాదు ఒకనికి జాలుటకును, మరియొకనికి జాలకపోవుటకును ఇది యొక కారణము గావచ్చును.

రోగమూలము ప్రేగులలో నున్నదను వాదమునకు మొదటి తీగ వాస్తవమునకు 1912లోనే దొరికెను. ఫ్రెడరిక్ లూయీ అను జర్మన్ వైద్యుడు రోగుల మెదళ్లలో గుండ్రని యణుపిండములను మొదట జూచినచోట్లలో నొకటి, ప్రేగులకు బోవు వేగస్‌నాడి బయలుదేరు కేంద్రము. దాని యర్థము తొంబదియేండ్లు గ్రహింపబడలేదు. 2003లో హైకో బ్రాక్ అను శాస్త్రజ్ఞుడు, ఆ పిండములు వేగస్ కేంద్రమునుండి పైపైకి మెట్టుమెట్టుగా ప్రాకుచున్నవని చూపి, బయటినుండి వచ్చు కారణమేదో ప్రేగుల గోడలనుండి ఆ నాడివెంబడి మెదడునకెక్కుచుండవచ్చునని ప్రతిపాదించెను. అంతకు రెండేండ్లముందే హవాయి ద్వీపములలో 6,790 మంది పురుషులను సంవత్సరములతరబడి వెంబడించిన పరిశోధకులు, దినమున కొక్క విరేచనమైనను గానివారికి, దినమున కొకసారియగువారికన్న ఈ రోగము 2.7 రెట్లు అధికముగా వచ్చెనని లెక్కగట్టియుండిరి. పొట్టపుండ్లకు వేగస్‌నాడిని మొదటనే త్రెంచు శస్త్రచికిత్స చేయించుకొన్నవారికి ఈ రోగము తగ్గెనని డెన్మార్కు ఆరోగ్యపత్రములనుండి 2015లో తేలెను. ఆ చికిత్స మన ఆసుపత్రులలోను బహుళముగా జరిగినదే. డెన్మార్కువారు కాగితములు దాచిరి, అదే వ్యత్యాసము. 2016లో కాలిఫోర్నియాలో మజ్మానియన్ బృందమువారు, రోగమునకు లొంగునట్లు పుట్టించిన ఎలుకలను సూక్ష్మజీవరహితముగా బెంచి చూడగా రోగలక్షణములు మందగించెను. రోగుల మలమునందలి జీవులను వాని ప్రేగులలో నాటగా లక్షణములు హెచ్చెను. ఐనను రోగులందఱికిని ప్రేగులనుండియే మొదలగునని చెప్పుటకు వీలులేదు. కొందరికి మెదడులోనే మొదలగునని నేడు పలువురు తలచుచున్నారు.

ఆహారముమాట. 2015లో హెల్సింకిలో 72 మంది రోగులను, 72 మంది ఆరోగ్యవంతులను పోల్చి చూడగా, ప్రెవొటెల్లా జాతి జీవులు రోగులలో మిక్కిలి కొఱవడియుండెను. ఈ జీవులు పీచును, పిండిపదార్థమును మేసి వృద్ధిపొందునవి. జొన్నలు, పప్పులు, ఆకుకూరలు తినువారి ప్రేగులలో బలిసియుండునవి. భారతీయుల ప్రేగులలో సమృద్ధిగా నుండునని మన పరిశోధకులును చూపిరి. అవి తగ్గుట రోగమునకు గారణమో, లేక మాంద్యము పుట్టిన ప్రేగులో అవి నిలువలేక తగ్గెనో తేల్చుట కష్టము. కనుక తరవాణి త్రాగినవారికి కంపము రాదని చెప్పువాడు సాక్ష్యము లేని మాట చెప్పుచున్నాడు. చెప్పదగినది ఇంతే: ప్రేగులను కదలించు నాహారము ప్రేగులకు మంచిది, కదలని ప్రేగు ఈ రోగమునకు తొలిగుర్తులలో నొకటి, వణకునకు పది యిరువదియేండ్లు ముందుగానే గానవచ్చు గుర్తు.

ఆ యాహారమే మెట్టలో మారిపోయినది. నాగార్జునసాగరపు కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు వదలిరి. ఎడమకాలువ క్రమముగా జగ్గయ్యపేట, నందిగామ, మైలవరము దిక్కులకు చేరెను. నూరేండ్లు కృష్ణను దూరమునుండి చూచిన సీమకు వరి వచ్చెను. నీరందనిచోట మిరప, ప్రత్తి, మామిడి వచ్చెను; వానితో పురుగుమందులు. పారాక్వాట్, రోటినోన్ వంటి మందులను వాడిన రైతులలో ఈ కంపరోగ మధికమని అమెరికాలో కనుగొనిరన్న సంగతి ఇచ్చటివారు మరువరానిది. మిరపచేలలో మూతికి గుడ్డయైనను గట్టుకొనక చేతిపంపుతో మందుగొట్టిన తరము ఇప్పుడు ముసలితనమున నున్నది. 1983లో కిలో రెండురూపాయల బియ్యము వచ్చిన పిమ్మట పేదవానియింటను జొన్నన్నము దిగిపోయెను. రోళ్లు పెరటిలో గోడవారకు జేరెను. జొన్న దంచు నోపిక యెవ్వరికిని లేకపోయెను. ఆకలి తగ్గెను, అది సామాన్యలాభము గాదు. మెట్టలోని ముదుసలి స్త్రీ నడిగినచో, జొన్న దంచిన చేతులతో తెల్లబియ్యము నెవ్వరు వలదందురని నవ్వును. నేడు షుగరుకై జొన్నరొట్టె తినువాడు పట్టణవాసి. ఆ జొన్నపిండికి రేషనుబియ్యముకన్న ఎన్నోరెట్లు ధర.

ఇప్పుడు జి.కొండూరులోని కంపరోగి బస్సెక్కి విజయవాడలో నరముల వైద్యునియొద్దకు పోవును, కొందఱు హైదరాబాదు నిమ్స్‌కు పోవుదురు. డోపా మాత్ర ఇత్తురు. కొందరు దానికి తోడుగా మూలికలయంగడిలో దూలగొండి పొడి కొని, వైద్యునకు జెప్పక చెంచాలతో మ్రింగుదురు. గింజలలో డోపా పాలు ఒక్కొక్క నేలకు, ఒక్కొక్క పంటకు మారునుగాన, ఆ చెంచాలో ఎంతయున్నదో అమ్మువానికిని దెలియదు, మ్రింగువానికిని దెలియదు. రెండు డోపాలు గలిసి చేయికాళ్లు తమంతదాము మెలికలు తిరుగుట సంభవించును. మాత్రను భోజనమునకు అరగంట ముందుగా వేసికొమ్మని వైద్యులు చెప్పుదురు, ఏలయన డోపాయు మాంసకృత్తులును ప్రేగుగోడలో ఒకే ద్వారమున లోనికి బోవలసినవి. పప్పు ముందుగా జేరినచో మాత్ర వెలుపల నిలిచిపోవును. పగలు మాంసకృత్తులను తగ్గించి రాత్రికి మరల్చిన రోగులు పగటివేళ తేలికగా నడచిరని అమెరికాలో పింకస్, బ్యారీ యను వైద్యులు 1987లోనే చూపియున్నారు. మధ్యాహ్నము కందిపప్పు, నెయ్యి, ఆవకాయ లేక విస్తరిముందు కూర్చుండని మెట్టరైతునకు ఈ యేర్పాటు నచ్చజెప్పుట మాత్రము, నరముల వైద్యునకైనను, ఇంటికోడలికైనను, మాత్ర మ్రింగించుటకన్న నెక్కువ పనియై యున్నది.